హిరగనా, కతకనా కార్డులు: రోమన్ అక్షరాలు పక్కన పెట్టి తెలుగుతో మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రెండు వారాలుగా యాప్‌లో జపనీస్ అక్షరాలు హిరగనా చూస్తున్నారు. నాలుగు ఆప్షన్లు ఇస్తే సరైనది నొక్కగలుగుతున్నారు, పుస్తకంలో పదం కనబడితే మాత్రం నోరు పెగలడం లేదు. ను–మె, నె–రె–వ ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి, కతకనాలో శి–త్సు అసలు తేలడం లేదు. ఇంగ్లిష్ చిట్కా బొమ్మలు బుర్రకెక్కడం లేదు. కార్డులు ఎలా చేసుకోవాలి, రోజుకు ఎన్ని?

చదివేటప్పుడు పక్కన ఒక కనా పట్టిక తెరిచి పెట్టుకోండి (హిరగనా, కతకనా రెండు అక్షరమాలలనూ కలిపి కనా అంటారు). ఆకారాలను మాటల్లోనే చెప్తాను, పట్టికలో చూసి పోల్చుకోండి.

మొదట, ఇలా ఎందుకవుతోందంటే: నాలుగింటిలో ఒకటి ఎంచడానికి అక్షరం పూర్తిగా తెలియక్కర్లేదు, మిగతా మూడూ కాదని తెలిస్తే చాలు. చదవాలంటే ఏ ఆసరా లేకుండా శబ్దం బయటికి రావాలి. ఈ రెండూ వేర్వేరు పనులు, మీరు మొదటిదే సాధన చేశారు. రెండో కారణం రోమన్ లిపి. ఆకారం చూడగానే ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నుంచి శబ్దం, మధ్యలో ఒక ఇంగ్లిష్ మాటతో చిట్కా. ఒక్క అక్షరానికి మూడు మెట్లు ఎక్కుతున్నారు. తెలుగు వచ్చినవాళ్లకు ఈ చుట్టుదారి అవసరం లేదు. జపనీస్ శబ్దాలకు రోమన్ కంటే తెలుగు లిపే బాగా అతుకుతుంది.

ఎలాగంటే, జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం తేడా వస్తే అర్థమే మారిపోతుంది. ఒబసన్ అంటే అత్త లేదా పిన్ని, ఒబాసన్ అంటే అమ్మమ్మ. రోమన్‌లో ఇది తరచూ కంటికి ఆనదు, తెలుగులో ఒక దీర్ఘంతో తేలిపోతుంది. మనకు ఎ–ఏ, ఒ–ఓ కూడా విడిగా ఉన్నాయి కాబట్టి నెకొ (పిల్లి) అని కచ్చితంగా రాసుకోవచ్చు. కనాలో మామూలు అక్షరాలన్నీ హ్రస్వాలే. అక్షరం తర్వాత చిన్న సైజు త్సు వస్తే అది మన ద్విత్వం. కితె అంటే 'వచ్చి', కిత్తె అంటే తపాలా బిళ్ళ. చిన్న సైజు య, యు, యొ వస్తే అది మన క్యావడి. ఆసుపత్రి బ్యోఇన్, బ్యూటీ పార్లర్ బియోఇన్. తేడా అంతా ఆ యొ చిన్నదా పెద్దదా అన్న దాంట్లోనే ఉంది. ఇక చివరి అక్షరం న్ ముమ్మూర్తులా మన సున్నే. తర్వాత ప, బ, మ వస్తే మ్ లాగా, క, గ వస్తే ఙ్ లాగా పలుకుతుంది. శింబున్ (వార్తాపత్రిక), ఎంపిత్సు (పెన్సిల్), రింగొ (ఆపిల్) అని సున్నతో రాస్తే ఉచ్చారణ దానంతటదే కుదురుతుంది.

అందరూ భయపడే త్సు కూడా మనకు కొత్తేం కాదు. చాప, చలి, చుట్ట అనే మాటల్ని మామూలుగా పలకండి. చిలకలో ఉన్న చ ఇది కాదు. పాత నిఘంటువుల్లో చ మీద చిన్న ౨ వేసి చూపించే దంత్య చకారం ఇది. చుట్టలో మొదటి అక్షరమే జపనీస్ త్సు. జున్నులో జు వాళ్ల ౙు. రోమన్‌లో చదివితే ఇదో వింత శబ్దంలా అనిపిస్తుంది, అంతే.

పట్టిక వరస గురించి కూడా బెంగ వద్దు. అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క స త న హ మ య ర వ. మన వర్ణమాల వరస లాగే ఉంది కదా? కాకతాళీయం కాదు. సిద్ధం అనే పాత భారతీయ లిపిలో సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల ప్రభావంతో కుదిరిన వరస ఇది. హ ఉన్నచోట ప పెట్టుకుంటే ఇంకా తేటపడుతుంది, ఒకప్పుడు ఆ వరస ప శబ్దమే. నిఘంటువు వెతకడానికీ ఫోన్‌లో కనా కీబోర్డుకీ ఈ వరసే ఆధారం కాబట్టి మొదటి రోజే కంఠస్థం చేసేయండి. పది నిమిషాల పని.

ఒక్క చోట మాత్రం మన అలవాటు మోసం చేస్తుంది. కనాలో గుణింతం లేదు. క, కి, కు మధ్య ఆకారంలో చుట్టరికమేమీ ఉండదు, 46 అక్షరాలూ విడివిడిగా నేర్చుకోవాల్సిందే. వరసలు కూడా అక్కడక్కడ తప్పుతాయి: సి బదులు శి, తి బదులు చి, తు బదులు త్సు, హు బదులు ఫు. ఈ ఫు పలకడానికి కింది పెదవి పళ్లకు తగలకూడదు, కొవ్వొత్తి ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి వదలాలి.

ఇక కార్డులు. ఏ4 సైజు మందపు కాగితం, కనీసం 200 జీఎస్‌ఎమ్‌ది, తీసుకుని నాలుగు నిలువు, నాలుగు అడ్డం కోస్తే 16 కార్డులు వస్తాయి. ఒక్కోటి సుమారు 74 మి.మీ. × 52 మి.మీ. మూడు షీట్లకు 48 కార్డులు, హిరగనాకు సరిపోగా రెండు మిగులుతాయి. పల్చటి కాగితం మీద స్కెచ్‌తో రాస్తే ఇంకు అవతలికి ఊరి జవాబు కనబడిపోతుంది. ప్రతి కార్డుకూ కుడి పై మూల కత్తిరించండి. ఇది అలంకారం కాదు. కలిపేటప్పుడు కార్డు పక్కకు తిరిగితే ఇ అచ్చం కొ లాగా, కు దాదాపు హె లాగా కనిపిస్తాయి. మూల చూస్తే కార్డు సరిగా ఉందో లేదో తెలిసిపోతుంది.

ముందువైపు అక్షరం ఒక్కటే, మూడు సెంటీమీటర్ల ఎత్తున. బొమ్మ వేయొద్దు, రంగు వద్దు. బొమ్మ ఉంటే మీరు బొమ్మను గుర్తుపడతారు, అక్షరాన్ని కాదు. వెనక పైభాగంలో తెలుగు అక్షరం పెన్నుతో, కింద మూలన చిట్కా మాట పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ ఎందుకో కిందికి వెళ్లాక చెప్తాను.

అక్షరాన్ని ఏ ఫాంట్ చూసి రాస్తున్నారన్నది చాలామంది పట్టించుకోరు. మామూలు అచ్చులో కి, స అక్షరాల కింది వంపు పై గీతకు అతుక్కుని ఉంటుంది, చేత్తో రాసేటప్పుడు విడిపోతుంది. యాప్‌లో ఒకటి, నోట్‌బుక్‌లో ఇంకొకటి చూసి ఇవి వేరే అక్షరాలేమో అనుకునేవాళ్లు బోలెడంత మంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే క్లీ వన్ చేతిరాతకు దగ్గరగా ఉంటుంది. దాన్ని చూసి రాసుకోండి. రెండో రూపం కూడా ఉంటుందని గుర్తుంటే చాలు.

చిట్కాల సంగతి. చిట్కా మాట తెలుగు మాటై ఉండాలి, అదే శబ్దంతో మొదలవాలి, ఆకారంలో ఒక ప్రత్యేకమైన చోటును వేలెత్తి చూపాలి. ఈ మూడోది లేని చిట్కా పనికిరాదు. ఇ అంటే పక్కపక్కన నిలబడ్డ రెండు గీతలు: ఇద్దరు. ని అంటే ఒక నిలువు కొయ్య, దానికి రెండు మెట్లు: నిచ్చెన. సు కిందికి దిగుతూ మధ్యలో ఒక చుట్టు తిరుగుతుంది: సుడి. కొ పైన ఒక ముక్క, కింద ఒక ముక్క: కొట్టిన కొబ్బరికాయ. హి చెవుల దాకా సాగిన నవ్వు: హిహిహి. శి తల నుంచి వేలాడే ఒంటి శిరోజం, కొస పైకి తిరిగింది. త్సు సగం చుట్టిన చుట్ట. చి మన 5 అంకెలా ఉంటుంది: చిల్లర ఐదు రూపాయలు. హె కొంచెం ఎక్కి బాగా దిగుతుంది: హెచ్చుతగ్గులు. ఉ పైన చిన్న రాయి, కింద సగం వలయం: ఉంగరం.

మీకు కలిసిపోతున్న నె, రె, వ కార్డులు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎడమవైపు నిలువు గీత, దాన్ని కోసుకుంటూ వెళ్లే వంకర గీత మూడింటిలోనూ ఒకటే. కాబట్టి ఎడమవైపు ఎంత చూసినా లాభం లేదు. కన్ను తిన్నగా కుడివైపు కింది కొసకు పోవాలి. అక్కడ చిన్న చుట్టు ఉంటే అది నెమలికన్ను, నె. కొస బయటికి ఎగిరిపోతే అది రెక్క, రె. చుట్టూ లేక, బయటికీ పోక లోపలికి వంగి ఆగిపోతే అది వంపు, వ. చిట్కా మూడు చోట్లా ఒకే కొసను చూపిస్తోంది. అందుకే పనిచేస్తుంది. నెకు 'నెయ్యి' అని పెట్టుకుంటే శబ్దం కుదురుతుంది గానీ కన్ను ఎక్కడ చూడాలో చెప్పదు.

ఇదే పద్ధతిలో ను, మె. రెండూ ఒకే అల్లిక, ను చివర మాత్రం ముడి పడుతుంది: నూలు ముడి. మె మెడలో దండ, ముడి కనబడదు. రొ, రు కూడా అంతే. రొ మలుపులు తిరిగే రోడ్డు, ఆ రోడ్డు చివర రూపాయి బిళ్ళ దొరికితే రు. ఒక జాగ్రత్త: నుకు ముడి వాడేశాక ముకు మళ్లీ 'ముడి' పెట్టకండి, దానికి ముక్కుపుడక లాంటిది చూసుకోండి. ఒకే మాట రెండు కార్డుల మీద ఉంటే పరీక్ష వేళకు రెండూ తారుమారవుతాయి. ప్రతి అక్షరానికీ చిట్కా వెతుక్కుంటూ కూర్చోవడం కూడా దండగే. నొ, కు లాంటివి రెండు రోజుల్లో వాటంతటవే వస్తాయి. మొండికేసిన పదిహేను, ఇరవై అక్షరాలకు చిట్కాలుంటే చాలు.

లెక్క ఇలా పెట్టుకోండి. రోజుకు ఒక వరస, అంటే ఐదు అక్షరాలు. అ నుంచి మ వరకు ఏడు రోజులు, ఎనిమిదో రోజు ర వరస, తొమ్మిదో రోజు య వరస మూడు, వ, ఒ (పాత వొ), న్ కలిపి ఆరు. మొత్తం 46. రోజుకు నలభై నిమిషాలు ఒకేసారి కూర్చునే బదులు పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు తీయండి. కార్డు చూసి రెండు సెకన్ల లోపు శబ్దం పైకి పలకాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. రెండు సెకన్లు దాటి గుర్తొస్తే తప్పు కిందే లెక్క. ఇక్కడే అందరూ తమకు తాము రాయితీ ఇచ్చుకుంటారు, పుస్తకం తెరిచాక అసలు రంగు బయటపడుతుంది.

నాలుగు కవర్లు తీసుకోండి. మొదటిది రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి. సరిగ్గా పలికితే కార్డు తర్వాతి కవర్లోకి, తప్పితే ఎక్కడున్నా మొదటి కవర్లోకి. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కాగితం వద్దనుకుంటే అంకి అనే కార్డుల ప్రోగ్రాం వాడండి. ఆ పేరుకు జపనీస్‌లో అర్థమే కంఠస్థం చేయడం. కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్ యాప్ మాత్రం కొనాలి. రోజుకు కొత్త కార్డులు మామూలుగా 20 ఉంటాయి, దాన్ని 5కి తగ్గించండి. తప్పు చెప్పినప్పుడు 'ఎగైన్' నొక్కాలి. 'హార్డ్' నొక్కితే మీరు కష్టపడైనా సరిగ్గా చెప్పారని ఆ ప్రోగ్రాం అనుకుంటుంది, ఆ కార్డు మళ్లీ వెంటనే రాదు. మొండి కార్డులు పేరుకుపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

చూసి పలకడంతో పాటు గుర్తుతెచ్చుకుని రాయడం కూడా కావాలి. తెలుగు వైపు చూసి కనా రాయండి, గీతల క్రమం తప్పకుండా, ఒక్కో అక్షరం మూడుసార్లు చాలు. మన బళ్లలో ఇంపోజిషన్‌లా పేజీ నిండా రాస్తే నాలుగోసారి నుంచి చెయ్యి పైగీతను కాపీ కొడుతూ పోతుంది, బుర్ర పనిచేయదు. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో చేత్తో రాసే పని లేదు, అన్నీ ఆప్షన్లే. అయినా రాసినవాళ్లకు ఒకేలాంటి అక్షరాల తేడా తొందరగా పట్టుబడుతుంది. ఎందుకో కతకనా దగ్గర తెలుస్తుంది.

రెండో రోజు సాయంత్రం నుంచే పదాలు చదవండి, 46 పూర్తయ్యేదాకా ఆగొద్దు. మీ అసలు ఇబ్బందికి మందు ఇదే. అ, క వరసలు వస్తే చాలు: అక (ఎరుపు), అఒ (నీలం), ఇఎ (ఇల్లు), ఎకి (స్టేషన్), కఒ (ముఖం), కొఎ (గొంతు), ఇకె (చెరువు). స వరస చేరితే అస (ఉదయం), కస (గొడుగు), ఇసు (కుర్చీ). త వరసతో కుత్సు (బూట్లు), త్సుకి (చంద్రుడు), చికతెత్సు (మెట్రో రైలు). న వరసతో ఇను (కుక్క), నికు (మాంసం). వీటిని కార్డుల మీద రాసి కట్టలో కలిపేయండి. పదం కార్డు మీద కూడబలుక్కుంటూ చదివినా ఫరవాలేదు, రెండు సెకన్ల నిబంధన దానికి లేదు.

46 కార్డుల కట్టను కలిపి గడియారం పెట్టి చదవండి. మొదట్లో మూడు నిమిషాలు పట్టొచ్చు, నిమిషం లోపు వచ్చేదాకా సాగించండి. ఏ కార్డు చూసినప్పుడు చిట్కా గుర్తు రాకుండానే శబ్దం వచ్చేస్తుందో, ఆ కార్డు వెనకున్న పెన్సిల్ రాతను రబ్బరుతో తుడిచేయండి. సెంటరింగ్ చెక్కలు స్లాబు ఆరేదాకే, తర్వాత ఊడదీయాలి. నెమలికన్ను తలచుకుంటూ ఎవరూ పేజీ చదవలేరు.

మిగతా హిరగనా సులువు. కుడి పైన రెండు చిన్న గీతలు, అంటే దకుతెన్, పెడితే క గ అవుతుంది, త ద అవుతుంది, స ౙ అవుతుంది, హ బ అవుతుంది. పరుషాలు సరళాలు కావడమే. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు అయినట్టే, తె (చెయ్యి), కమి (కాగితం) కలిసి తెగమి (ఉత్తరం) అవుతుంది. హ వరసకు చిన్న వలయం పెడితే ప వస్తుంది. మన కంటికి అది సున్నలా కనిపించి 'హం' అని చదవబుద్ధేస్తుంది, జాగ్రత్త. ఇలా 25, క్యావడి రూపాలు మరో 33. కొత్త ఆకారాలేమీ లేవు కాబట్టి వీటికి విడి కార్డులు చేయకుండా నేరుగా పదాల్లో చదవండి.

చదివేటప్పుడు కాలు జారే చోట్లు మూడు. దీర్ఘ ఓ ఎక్కువగా ఒ శబ్దం తర్వాత ఉ రాసి చూపిస్తారు. బడి అనే మాటలో కొ, ఉ ఉంటే గక్కౌ కాదు, గక్కో. ఎ శబ్దం తర్వాత ఇ వస్తే మామూలుగా ఏ, అందుకే సెన్సే. వాక్యంలో విభక్తిలా వచ్చే హ ను వ అనీ, హె ను ఎ అనీ చదవాలి. కొన్నిచివ చివర రాసేది హ అక్షరమే. 1946లో స్పెల్లింగును ఉచ్చారణకు తగ్గట్టు సంస్కరించినప్పుడు కూడా ఈ పాత అలవాట్లను ఉంచేశారు.

కతకనాకు హిరగనా గట్టిపడ్డాక, అంటే రెండు, మూడు వారాల తర్వాత వెళ్లండి. సున్నా నుంచి మొదలుపెట్టడమేమీ కాదు. హె రెంటిలోనూ ఒకటే. రి, క, కి, య, సె, మొ, ఉ, కొ చూస్తే పోలిక తెలిసిపోతుంది, చాలావరకు ఒకే చైనా అక్షరం నుంచి పుట్టినవి అవి. హిరగనా ఆ అక్షరాన్ని గొలుసుకట్టుగా రాస్తే వచ్చింది, కతకనా అందులో ఒక ముక్కను విరిచి తీసుకుంటే వచ్చింది.

శి, త్సు రెండింటికీ రెండు పొట్టి గీతలు, ఒక పొడుగు గీత. కోణం చూసి తేల్చుకుందామంటే కుదరదు, ఫాంటును బట్టి అది మారుతుంది. గీతలు ఎక్కడ మొదలవుతాయో చూడండి. శిలో పొట్టి గీతలు ఒకదాని కింద ఒకటి ఎడమ అంచున వరసగా ఉంటాయి, పొడుగు గీత కింద నుంచి పైకి ఎగురుతుంది. త్సులో పొట్టి గీతలు పై అంచున పక్కపక్కన ఉంటాయి, పొడుగు గీత పై నుంచి కిందికి జారుతుంది. ఇప్పుడు కతకనా శి మీద హిరగనా శిని పెన్సిల్‌తో దిద్దండి: ఎడమ అంచు వెంట దిగి, కింద మలుపు తిరిగి పైకి పోతుంది, మూడు గీతలనూ కలుపుకుంటూ. త్సు మీద హిరగనా త్సు దిద్దితే పై అంచు వెంట వెళ్లి కిందికి వంగుతుంది. న్, సొ కూడా ఇలాగే, పొట్టి గీత ఒకటే ఉంటుంది: న్ పొడుగు గీత శి లాగా పైకి, సొది త్సు లాగా కిందికి. చేత్తో రాయమన్నది ఇందుకే. చెయ్యి ఏ దిక్కుకు పోయిందో గుర్తుంటే కన్ను తడబడదు. ఫు, వ, ఉ అయితే ఒకటి, రెండు, మూడు గీతలు. ఫుకు ఎడమ గీత చేరిస్తే వ, దానికి పైన ముక్క పెడితే ఉ.

ఈ జంటల్ని ఒకే రోజు కొత్తగా నేర్చుకోవద్దు. విడివిడి రోజుల్లో నేర్చుకుని, రెండూ రెండో కవర్లోకి వచ్చాక మాత్రమే ఎదురెదురుగా పెట్టి పోల్చండి. పోల్చడానికి మంచి మాటలున్నాయి: శీత్సు (దుప్పటి) లో రెండూ ఉన్నాయి, పసొకొన్ (కంప్యూటర్) లో సొ, న్ ఉన్నాయి. మిశిన్‌లో శి, న్ పక్కపక్కనే ఉంటాయి. దాని అర్థం మీరు ఊహించిందే, కుట్టుమిషనే.

కతకనాలో ఎక్కువగా వచ్చేవి అరువు మాటలు, అక్కడా తెలుగువాళ్లకు ఒక వెసులుబాటుంది. మనం బస్సు, గ్లాసు అని చివర ఉకారం తగిలిస్తాం, వాళ్లు బసు, గురసు అంటారు. ల లేదు కాబట్టి ర వస్తుంది, మిల్క్ మిరుకు అవుతుంది. దీర్ఘానికి అడ్డగీత, నిలువుగా రాసిన పేజీలో అదే నిలువు గీత అవుతుంది. మ్యాప్‌లో మన ఊళ్ల పేర్లు వెతికి చదవండి. హైదరాబాద్ హైదెరబాదొ అని ఉంటుంది, అందులోని ఏడు అక్షరాల్లో ఆ అడ్డగీత ఎక్కడుందో చూడండి.

చివరగా ఫోన్. రోమన్ కొట్టి కనా తెప్పించుకునే కీబోర్డు తీసేసి, కనా ఫ్లిక్ కీబోర్డు పెట్టుకోండి. వరసకు ఒక కీ ఉంటుంది. క కీని ఊరికే నొక్కితే క, ఎడమకు జరిపితే కి, పైకి కు, కుడికి కె, కిందికి కొ. అక్షరాల ఆకారంలో దొరకని గుణింతం ఇక్కడ వేలికి దొరుకుతుంది. రోజుకు పది పదాలు కొట్టండి, మీ పేరు కతకనాలో కొట్టడంతో మొదలుపెట్టి.